ఏలియా బగ్గీ, జెన్నిఫర్ చెయ్యి

ఏలియాకు కుళ్ళు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. పక్కింటివాళ్ళ బోరులో నీళ్ళు పడితే ఆ రోజు అతనికి అన్నం సహించదు. మల్లాపూర్‌లో అతను ఫిట్టర్‌గా చేసే పంపుల కంపెనీలో ఎవరికైనా పొద్దుటి షిఫ్ట్ దొరికితే, వాడు సూపర్‌వైజర్‌ని ఎట్లా మంచి చేసుకున్నాడో అని వారం రోజులు ఆరా తీస్తాడు. మందిరంలో ఎవరి పిల్ల అయినా బైబిలు వాక్యం గడగడా చదివితే, "వాళ్ళ నాయిన ఇంట్ల రుద్దిచ్చిండు తియ్" అంటాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరికైనా ఆపద వస్తే ముందు పరిగెత్తేది అతనే. ఎవరికైనా మంచి జరిగితేనే అతనితో చిక్కు.

అలాంటి మనిషికి ఆదివారం సాయంత్రాలు మాత్రం కుళ్ళుకునే పని ఉండేది కాదు. ఆ పూట అతన్ని చూసి మిగతావాళ్ళు కుళ్ళుకునేవారు.

నాచారం పారిశ్రామికవాడలో మూతబడ్డ రేకుల ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాని వెనక ఖాళీ జాగాలో కొందరు కలిసి చిన్న కార్ల రేసుకు బాట వేసుకున్నారు. ఎర్రమట్టి పోసి, డ్రైనేజీ పైపులు అంచులుగా పరిచి, మలుపులూ దిబ్బలూ పెట్టారు. వాచ్‌మన్ బుచ్చిరాములు గేటు తీసి, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి, తర్వాత కుర్చీ వేసుకుని తమాషా చూస్తాడు. అక్కడ తిరిగేవాటిని బొమ్మకార్లు అంటే ఏలియా ఊరుకోడు. అది బగ్గీ. మూరెడు పొడవుండదు గానీ, రోడ్డు మీది కారుకు ఉన్నవన్నీ దానికీ ఉంటాయి. స్ప్రింగులు, షాకబ్జర్లు, గేర్లు, మట్టిని కరిచే టైర్లు. బ్యాటరీతో నడుస్తుంది. నడిపేవాడు ఎత్తు బల్ల మీద నిలబడి రిమోట్‌తో తిప్పుతాడు.

ఏలియా ఒకసారి షిఫ్ట్ దిగి ఇంటికి పోతూ, గోడ అవతల మిక్సీ తిరిగినట్టు చప్పుడు వినిపించి స్కూటీ ఆపి తొంగిచూశాడు. ఆ తొంగిచూపు అతని ఆదివారాలన్నీ మింగేసింది. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రంజిత్ ఆ రేసులన్నిటికీ పెద్దదిక్కు. అతను పక్కన పడేసిన పాత బగ్గీని ఏలియా బతిమాలి కొనుక్కున్నాడు. ముక్కముక్కలుగా విప్పాడు, కడిగాడు, మళ్ళీ బిగించాడు. కొన్నాళ్ళకు ఆ పాత బగ్గీ రంజిత్ కొత్త బగ్గీని దాటిపోయింది. రంజిత్ నవ్వి చప్పట్లు కొట్టాడు. తనైతే కొట్టేవాణ్ణి కానని ఏలియాకు తెలుసు.

నడపడం ఒక ఎత్తు, సెట్టింగ్ చేయడం మరో ఎత్తు. ఉప్పల్‌లో ఏలియా అద్దెకుండే రెండు గదుల ఇంట్లో, ఎవరిదో వంటగట్టుకు వేయగా మిగిలిన నల్ల గ్రానైట్ ముక్క ఒకటి ఉంది. ఇంటి గచ్చు ఎక్కడో ఒకచోట ఎత్తో పల్లమో ఉంటుంది గానీ గ్రానైట్ మోసం చేయదని అతని నమ్మకం. దాని మీద బగ్గీని జానెడు ఎత్తు లేపి వదిలేవాడు. ముందూ వెనకా ఒక్కసారే కూర్చుని ఆగిపోవాలి. గెంతితే షాకబ్జర్లలో నూనె పలచన, మొరాయిస్తే చిక్కన. తర్వాత చక్రాలు ఎంత వాలాలో చూసేవాడు. అన్నిటికన్నా ముఖ్యం వెనక చక్రాలు. అవి రెండూ కొంచెం లోపలివైపు చూస్తుంటే బండి నిలకడగా పోతుంది. ఆ చూపు తీసేస్తే తోక ఊగుతుంది. ఏలియా తన బగ్గీ తోకను కట్టేసినట్టే ఉంచుకునేవాడు. ఎందుకంటే అతని వేలు మహా దురుసు. ట్రిగ్గర్‌ని కొద్దికొద్దిగా నొక్కడం రాదు. నొక్కితే పూర్తిగా నొక్కడం, వదిలితే పూర్తిగా వదలడం.

సెట్టింగ్ చేస్తున్నంతసేపూ బగ్గీతో మాట్లాడేవాడు. "అట్లనా? ఇంక జర కిందికి దిగుతవా? దిగు మరి." పక్క గదిలోంచి అతని భార్య జెన్నిఫర్ అనేది, "నాతోటి ఎన్నడన్న ఇంత ముచ్చట పెట్టినవా?"

జెన్నిఫర్ కూడా మల్లాపూర్‌లోనే, స్కూలు యూనిఫాంలు కుట్టే చోట పవర్ మిషన్ మీద పనిచేస్తుంది. తక్కువ మాట్లాడే మనిషి. చెప్పిందే మళ్ళీ చెప్పే అలవాటు లేదు. అందుకే ఆమె చెప్పింది చాలాసార్లు గాలికి పోతుంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ లాలాపేట్‌లో జెన్నిఫర్ వాళ్ళ అక్క ఇంటికి పోవాల్సి ఉంది. "జరసేపు ఆగి పోదాం" అని ఏలియా ఆమెను రేసుల జాగాకు తీసుకువచ్చాడు. అంతలో కంపెనీ నుంచి ఫోన్ వచ్చి గేటు దాకా పోయాడు. ఖాళీగా నిలబడ్డ ఆమె చేతిలో రంజిత్ రిమోట్ పెట్టాడు.

"వదినా, ఒక రౌండ్ కొట్టు."

"అమ్మో, నాతోని కాదు."

"ఏం గాదు వదినా. పడితే లేపుదాం."

మందిరానికి కట్టుకున్న తెల్లచీర కొంగు నడుములో దోపి ఆమె బల్ల ఎక్కింది. బగ్గీ మెల్లగా కదిలింది. మరీ మెల్లగా, ముసలమ్మ రోడ్డు దాటినట్టు. అయినా ఒక్క పైపును కూడా తాకకుండా బాటంతా చుట్టి వచ్చి, బయలుదేరిన చోటే ఆగింది. మొదటిరోజు ఏ పైపూ తాకని మనిషిని తాను చూడలేదన్నాడు రంజిత్.

నిజం చెప్పాలి కదా, ఏలియాకు ముందు గర్వమే కలిగింది. ప్రతి ఆదివారం వెంటబెట్టుకుని వచ్చేవాడు. పక్కన నిలబడి, "ఇప్పుడు వదులు, ఇప్పుడు నొక్కు" అని నేర్పేవాడు. కంపెనీలో చెప్పుకున్నాడు, మందిరంలో చెప్పుకున్నాడు. "మా ఇంటామె గూడ నడుపుతది. నేనే నేర్పిన." భార్య తన వెనకాల రెండో స్థానంలో వస్తున్నంతకాలం లోకంలో ఆమెను మించిన భార్య లేదు.

తర్వాత ఒక ఆదివారం ఆమె మొదటి స్థానంలోకి వచ్చింది.

చుట్టు చుట్టుకూ ఎంతసేపు పట్టిందో రంజిత్ ఫోన్‌లో పడుతుంది. ఏలియా తన బగ్గీతో చుట్లు వేసి, చెమట తుడుచుకుని, రిమోట్ ఆమెకు ఇచ్చాడు. అదే బగ్గీ, అదే బాట. రంజిత్ ఫోన్ చూసి గట్టిగా అరిచాడు. "వదినా! అన్న టైమ్ కొట్టేసినవ్!" అందరూ నవ్వారు. ఏలియా కూడా నవ్వాడు, అందరికన్నా గట్టిగా. ఆ నవ్వు తెచ్చుకోవడానికి అతను ఎంత కష్టపడ్డాడో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాతి వారం కూడా ఆమెదే. అప్పటినుంచి ఏలియాకు ప్రతిదీ కనబడడం మొదలైంది. బుచ్చిరాములు తన కుర్చీ తెచ్చి, "కూసో బిడ్డా" అని ఆమెకు వేస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఏలియాకు ఒక్కసారీ వేయలేదు. టీ వస్తే మొదటి గ్లాసు వదినకు. అతనొక్కడే వస్తే, "అన్నా, వదిన రాలేదా?" అనేది అందరి మొదటి మాట. అవి చిన్న విషయాలే. కానీ చెప్పులో పడ్డ చిన్న రాయి నడిచేవాడికే తెలుస్తుంది. ఇంటికి వచ్చి కూరలో ఉప్పు ఎక్కువైందనేవాడు. మరునాడు ఉప్పు తగ్గితే చప్పగా ఉందనేవాడు.

"అంత బగ్గీ గొప్పతనమే" అన్నాడు ఒకరోజు అన్నం కలుపుతూ. "సెట్టింగ్ మంచిగుంటే ఎవలు నడిపినా పోతది."

"ఔ, నీ సెట్టింగే గదా" అంది జెన్నిఫర్, మనస్ఫూర్తిగా. ఆమె వాదించి ఉంటే బాగుండేది. ఒప్పుకునేసరికి ఏలియాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆమే మెల్లగా అంది, "గానీ మలుపుకాడ జర మొద్దుగ పోతున్నదయ్యా. నేను తిప్పితే అది ఆలోచన జేస్తున్నది. తోక జర తిరిగితే మంచిగుంటదేమో."

"నీకేం ఎరుక? నిన్నగాక మొన్న రిమోట్ పట్టినవ్. తోక తిరిగితే బండి బోర్ల పడ్తది."

"సరే తియ్" అంది. అలవాటు లేకపోయినా మరో రోజు ఇంకోసారి అడిగింది. ఏలియా టీవీ సౌండు పెంచాడు.

చలికాలం మొదలయ్యాక రంజిత్ పెద్ద రేసు పెట్టాడు. బెంగళూరు నుంచి కూడా కొందరు వస్తున్నారు. ఒక బగ్గీకి ఒక్క మనిషే నడపాలి. పేర్లు రాసేటప్పుడు రంజిత్ ఏలియా భుజం మీద చెయ్యి వేసి, అందరి ముందూ అడిగాడు.

"అన్నా, నీ బగ్గీకి వదిన పేరు రాస్తున్న. సెట్టింగ్ నువ్వు సూస్కో. గెలిచే ఛాన్స్ మనకు గామెతోటే ఉన్నది. ఏమంటవ్?"

ఏమంటాడు? అందరూ అతని మొహమే చూస్తున్నారు. జెన్నిఫర్ "వద్దు, ఆయనే నడపాలె" అంటోంది. అది ఇంకా ఘోరం. భార్య జాలితో వచ్చిన చోటు అతనికి అక్కర్లేదు. "రాయ్ రాయ్. నాకేం ఫికర్ లేదు" అన్నాడు ఏలియా. తన బగ్గీ, తను విప్పి కడిగి బిగించిన బగ్గీ, దాని పక్కన మరొకరి పేరు. ఆ పేరు తన పెళ్ళాందే కావడం వల్ల మంట తగ్గుతుందని మీరు అనుకుంటే, మీకు కుళ్ళు గురించి ఏమీ తెలియదు.

శుక్రవారం పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని గ్రానైట్ ముక్క ముందు కూర్చున్నాడు. ఆ సాయంత్రం బగ్గీతో మాట్లాడలేదు. వెనక స్ప్రింగులు తీసి గట్టివి వేశాడు. వెనక షాకబ్జర్లలో నూనె ఒంపేసి చిక్కటిది పోశాడు. తోక భాగం కాస్త ఎత్తాడు. చివరికి వెనక చక్రాల లోపలిచూపు దాదాపు మొత్తం తీసేశాడు. ఇన్నేళ్ళు తాను కట్టేసిన తోకను నాలుగు వైపుల నుంచీ విప్పి వదిలిపెట్టాడు. బాట తడిగా ఉంటుంది కదా, మంచిదే అని తనకు తాను చెప్పుకున్నాడు. అబద్ధమని చెప్పుకుంటున్నప్పుడే తెలుసు. ఆమె ఓడిపోవాలి, అంతే. అందరి ముందూ బగ్గీ గిర్రున తిరిగి బోర్లా పడాలి. రంజిత్ తల పట్టుకోవాలి. అప్పుడు ఆయనే నడిపుంటే బాగుండేదని నలుగురూ అనుకోవాలి.

జెన్నిఫర్ టీ తెచ్చి పక్కన చతికిలబడింది. కింద పడి దొర్లిపోతున్న చిన్న స్ప్రింగును అందుకుని అతని చేతిలో పెట్టింది.

"వెనకది మారుస్తున్నవా?"

"ఊఁ."

"ఎందుకు?"

"నీకోసమే" అన్నాడు ఏలియా తలెత్తకుండా. తలెత్తి ఆమె మొహం చూసి ఉంటే, ఆమె ఏమనుకుందో అతనికి అక్కడే తెలిసిపోయేది. చూడలేదు.

శనివారం షిఫ్ట్ అయ్యాక ఒక్కడే నాచారం పోయి, బుచ్చిరాములు చేత గేటు తీయించి, బగ్గీని బాట మీద వదిలి చూశాడు. మొదటి మలుపులోనే తోక గిర్రున తిరిగింది. రెండో మలుపులో పైపుకు కొట్టుకుంది. దిబ్బ దాటాక తలకిందులైంది. ఎంత ప్రయత్నించినా ఒక్క చుట్టూ తిన్నగా పూర్తికాలేదు.

"ఏమైంది ఏలియా, ఇయ్యాల గిట్ల పొర్లుతున్నది?" అన్నాడు బుచ్చిరాములు.

"కొత్త సెట్టింగ్ పెద్దయ్యా."

చక్రాలకు అంటిన మట్టి తుడిచి, చాలా తృప్తిగా ఇంటికి పోయాడు. ఇన్నేళ్ళుగా నడుపుతున్న తన చేతికే లొంగని బండి ఆమెకేం లొంగుతుంది? లెక్క సరిపోయింది. అతని ఆలోచనలో ఒకే పొరపాటు ఉంది. లోకంలో ఉన్నవన్నీ తన వేలి లాంటి వేళ్ళేననుకున్నాడు.

ఆదివారం జనం బాగానే వచ్చారు. ఆ రేసుల్లో ఒక కట్టుబాటు ఉంది. బగ్గీ తలకిందులైతే నడిపేవాళ్ళు బల్ల దిగకూడదు. నడపనివాళ్ళు ఒక్కో మలుపు దగ్గర ఒక్కరు నిలబడి, పడ్డ బగ్గీని నిలబెట్టి పంపాలి. అది ఎవరిదైనా సరే, శత్రువుదైనా సరే. ఏలియా అడిగి మరీ దిబ్బ తర్వాతి మలుపు తీసుకున్నాడు. నిన్న తన చేతిలో బగ్గీ బోర్లా పడింది అక్కడే. ఈరోజూ అక్కడే పడుతుంది. తనే వంగి లేపుతాడు. అందరూ చూస్తుండగా దుమ్ము దులిపి, ఫరవాలేదులే అన్నట్టు ఆమె వైపు ఒక చూపు చూస్తాడు. అంతా ముందే అనుకుని ఉంచుకున్నాడు.

రేసుకు ముందు సరదా చుట్టులో బగ్గీ తోక ఒక్కసారి జర్రున జారింది. బల్ల మీది జెన్నిఫర్ ఉలిక్కిపడి అతని వైపు చూసింది. ఏలియా వంగి, ఊడని బూటు లేసు మళ్ళీ కట్టుకున్నాడు. తలెత్తేసరికి ఆమె ఇంకో మలుపు తిరుగుతోంది. ఈసారి తోక జారలేదు, తిరిగింది. ఆమె పెదాల మీద ఏదో చిన్న నవ్వు ఉంది.

రేసు మొదలైంది. బగ్గీలన్నీ ఒక్క గుంపుగా మట్టి చిమ్ముకుంటూ వచ్చాయి. దిబ్బ ఎక్కి గాలిలోకి లేచాయి. ఏలియా ముందుకు వంగి చెయ్యి చాపి సిద్ధంగా ఉన్నాడు. తన బగ్గీ దిగింది, తోక పక్కకు వేసింది. పడుతుంది అనుకున్నాడు. పడలేదు. తోక ఎంత తిరగాలో అంత తిరిగింది, మూతి తిన్నగా అయింది, అతని ప్యాంటు మీద పిడికెడు మట్టి కొట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెయ్యి చాపాడు. మళ్ళీ మట్టి కొట్టింది. రోజంతా పవర్ మిషన్ మీద, గుడ్డ జారకుండా సూది ఆగకుండా పాదంతో మీటను కొంచెం కొంచెంగా తొక్కే మనిషి ఆమె. ఎంత నొక్కాలో, ఎప్పుడు సగంలో ఆపాలో ఆ ఒంటికి తెలుసు. ఏలియా దురుసు వేలికి తిరగబడ్డ బండి ఆమె నిదానం వేలికి తలాడించింది. మొద్దుబారిన కత్తెరకు సాన పట్టి చేతికిచ్చినట్టయింది ఆమెకు.

అతని మలుపులో పడ్డది బెంగళూరు వాళ్ళ బగ్గీ ఒకటి. కట్టుబాటు ప్రకారం లేపి పంపాడు. ఆ తర్వాత రంజిత్‌ది కూడా పడింది. దాన్నీ లేపాడు. తన బగ్గీని లేపే అవకాశం మాత్రం ఆ సాయంత్రం రానేలేదు. బెంగళూరు నుంచి వచ్చిన ఇంకొకతను మొదట వచ్చాడు. అతని వెనకాలే, అంటుకున్నట్టు జెన్నిఫర్. మన ఊరివాళ్ళందరికన్నా ముందు.

రంజిత్ బల్ల మీది నుంచి దూకి పరిగెత్తుకొచ్చాడు. వచ్చింది జెన్నిఫర్ దగ్గరికి కాదు, ఏలియా దగ్గరికి.

"ఏం జేసినవ్ అన్నా వెనక? గా తోక సూసినవా? జర చెప్పు, మేం గూడ నేర్చుకుంటం."

గుంపు చేరింది. ఏలియా చేతికంటిన మట్టి ప్యాంటుకు తుడుచుకున్నాడు. గట్టి స్ప్రింగులు వేశానన్నాడు. చిక్కటి నూనె అన్నాడు. చక్రాల చూపు తీసేశానన్నాడు. ఒక్కొక్కటీ చెబుతుంటే వాళ్ళు తలలూపి మెచ్చుకుంటున్నారు. చేసిన పాపం వివరంగా చెబుతుంటే జనం శెభాష్ అనడం అతనికి అదే మొదటిసారి.

"ఇంత ధైర్యం ఎట్ల జేసినవ్ అన్నా?"

జవాబు జెన్నిఫర్ చెప్పింది. "నేనే అడిగిన. మలుపుకాడ మొద్దుగ పోతున్నది, తోక తిరిగితే మంచిగుంటదని. ఈయన టీవీ సూస్తుండె. ఇన్లేదనుకున్న." ఆమె ఏలియా వైపు తిరిగింది. "ఇన్నడు. ఇని, నేనడిగినట్టే జేసిండు."

"అదృష్టం బిడ్డా నీది" అన్నాడు బుచ్చిరాములు. ఆ రోజు కుర్చీ ఏలియాకు వేశాడు.

ఇంటికి పోతూ ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. చెప్పేద్దామనుకున్నాడు. ముందు బస్సు, పక్కన లారీ, ఎటూ కదలడానికి లేదు. చెప్పడానికి అంతకన్నా మంచి జాగా దొరకదు. "జెన్నీ, గా సెట్టింగ్..." అని మొదలుపెట్టాడు.

"నాకు ఎరుకే" అంది ఆమె వెనక నుంచి. ఏలియా అద్దంలో ఆమె మొహం వెతికాడు. "నువ్వు నోటితోని చెప్పవు. అన్నీ లోపట్నే పెట్టుకుంటవ్. పెండ్లైనకాడికెల్లి నేను చెప్పింది నీ చెవులకే పోదనుకున్న. తప్పు నాదేనయ్యా." చెయ్యి ముందుకు తెచ్చి అతని నడుము పట్టుకుంది. గ్రీన్ సిగ్నల్ పడింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. ఏలియా బండి ముందుకు పోనిచ్చాడు.

ఆ వారమంతా కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది. వారం మధ్యలో ఆమె తన కుట్టుపని గురించి, సూపర్‌వైజర్ గురించి, మోకాలి నొప్పి గురించి చెప్పింది. ఇన్నేళ్ళు చెప్పనివన్నీ. వినే మనిషి దొరికాడు కదా. ఏలియా వింటూ కూర్చున్నాడు, దొంగసొత్తు తింటున్నవాడిలా.

తర్వాతి ఆదివారం ఆరాధనలో పాటలు అయ్యాక, పాస్టర్ అయ్యగారు ఎప్పటిలాగే, "సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేచి చెప్పవచ్చు" అన్నాడు. ఒకరు జ్వరం తగ్గిందని చెప్పారు, ఒకరు కొడుక్కి పని దొరికిందని చెప్పారు. తర్వాత ఆడవాళ్ళ వైపు చాపల మీద నుంచి జెన్నిఫర్ లేచింది. ఆమె ఎప్పుడూ లేచేది కాదు. మందిరమంతా అటు తిరిగింది. మగవాళ్ళ వైపు కూర్చున్న ఏలియా తల దించుకున్నాడు.

"అందరికి వందనాలు" అంది కొంగు తల మీదికి లాక్కుంటూ. "నాకు జబ్బు తగ్గలేదు, పైసలు రాలేదు. మా ఆయన నా మాట ఇన్నడు, గంతే. నేను అడిగింది చిన్న ముచ్చట, ఆటబండి ముచ్చట. ఆయన ఇష్టపడి పెట్టుకున్న బండి అది. దాన్ని ఆయన చేతికి పనికిరాకుండ జేసుకోని, నా చేతికి పనికొచ్చేటట్టు జేసిండు. తను నడపొచ్చు, నన్ను నడపనిచ్చిండు. గింత ప్రేమ ఉంటదని నాకు ఎరుకలేకుండె. దేవునికి స్తోత్రం."

"ఆమెన్" అన్నారు ఆడవాళ్ళు, ఎన్నడూ లేనంత గట్టిగా. అని ఊరుకోలేదు, వరసగా మగవాళ్ళ వైపు తిరిగి ఎవరి మొగుణ్ణి వాళ్ళు చూశారు. పక్కన కూర్చున్న విజయ్ కుమార్, దగ్గర్లోనే మొబైల్ షాపు నడిపే స్నేహితుడు, ఏలియా డొక్కలో మోచేత్తో పొడిచాడు. "నా కొంప ముంచినవ్ గదా అన్నా" అన్నాడు గుసగుసగా.

"బ్రదర్ ఏలియా" అన్నాడు అయ్యగారు ముఖమంతా నవ్వుతో. "మీరు కూడా లేచి ఒక మాట చెప్పండి."

ఏలియా లేచాడు. మాట గొంతులోనే ఉంది. ఓడిపోవాలని చేశాను, అందరి ముందూ పడిపోవాలని చేశాను. అంతే, చిన్న మాట. అది బయటపెడితే తన పరువు పోతుందన్న భయం అప్పుడు అతనికి లేదు, ఆశ్చర్యంగా. ఎదురుగా చాప మీద నిలబడి ఉన్న ఆమె మొహం ఉంది. ఆ మొహం అంత వెలుగుగా పెళ్ళినాడు కూడా లేదు.

"వందనాలు" అని కూర్చున్నాడు.

జెన్నిఫర్ కూడా కూర్చుంది. కూర్చున్నాక కూడా తలల మధ్యలోంచి ఇటే చూస్తోంది. కానీ చూస్తున్నది తనను కాదని ఏలియాకు తెలుసు. అడగగానే విన్నవాణ్ణి చూస్తోంది. నచ్చిన బండిని ఆమె చేతికి తగ్గట్టు మార్చి, తను పక్కకు తప్పుకున్నవాణ్ణి చూస్తోంది. వాడు ఏలియా బట్టలే వేసుకున్నాడు, ఏలియా చోటులోనే కూర్చున్నాడు, ఏలియా పెళ్ళాం ప్రేమంతా వాడే దోచుకుంటున్నాడు. పక్కింటి బోరు మీదా, పొద్దుటి షిఫ్ట్ మీదా, చివరికి జెన్నిఫర్ మీదా పడనంత కుళ్ళు వాడి మీద పుట్టింది ఏలియాకు. అంత మంచివాడు ఒకడుంటే, తనెందుకు ఇన్నాళ్ళు వాడు కాలేకపోయాడో అతనికి అర్థం కాలేదు.